నింజా 650ని ట్రాక్ బండిగా మార్చడం ఎలా: ముందు బ్రేకులు, చివర ఇంజిన్

కవాసకీ నింజా 650 బైకు ఉన్నవాళ్లు అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. "అన్నా, ట్రాక్ కోసం బండి రెడీ చేద్దామనుకుంటున్నా, ఎగ్జాస్ట్ ఏది వేయించమంటావు?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను. ఎగ్జాస్ట్ (పొగ గొట్టం) సంగతి పదో మెట్టులో ఉంది. ముందున్న తొమ్మిదీ వదిలేసి అది వేయిస్తే మలుపులోకి ఇంకాస్త వేగంగా వెళ్లి ఇంకాస్త దూరంలో పడతారు, అంతే.

ఈ బండిని రేసుకు మార్చడం కొత్త సంగతేం కాదు. ఐల్ ఆఫ్ మ్యాన్ దీవి రోడ్ల మీద జరిగే టీటీ రేసులో 2012లో లైట్‌వెయిట్ క్లాసును 650 ట్విన్‌లతో (రెండు సిలిండర్ల బండ్లతో) మళ్లీ మొదలుపెట్టినప్పుడు రేసరు రయన్ ఫార్కర్ గెలిచింది ఈ కుటుంబానికే చెందిన ఈఆర్-6 మీద. 2016 దాకా ఆ క్లాసు కవాసకీదే. 2017 నుంచి 2019 వరకు ఇటలీ కంపెనీ పాటన్ గెలిచింది కానీ, ఆ పాటన్ ఇంజిన్‌కు మూలం కూడా ఈ కవాసకీ ట్విన్నే. అంటే 649 సీసీ ఇంజిన్‌లో సత్తా లేక కాదు. షోరూము నుంచి వచ్చిన బండిలో ఇంజిన్ కంటే ముందు చేతులెత్తేసేవి వేరే ఉన్నాయి. మెత్తటి ఫోర్కులు (ముందు చక్రం షాకులు), రోడ్డు కోసం చేసిన బ్రేక్ ప్యాడ్లు, త్వరగా నేలకు తగిలే ఫుట్‌పెగ్గులు (పాదాలు పెట్టుకునే కడ్డీలు).

కింద చెప్పేది 2017 తర్వాతి మోడల్ గురించి. పాత మోడల్‌కైనా వరుస ఇదే.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు. లైట్లు, అద్దాలు, నంబరు ప్లేటు తీసేసిన బండిని రోడ్డెక్కించకండి. ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. మామూలు ఇన్సూరెన్స్ పాలసీ రేసింగుకూ స్పీడు టెస్టింగుకూ వర్తించదు, పాలసీ కాగితంలోనే రాసి ఉంటుంది. రెండో మాట: విప్పిన ప్రతి భాగాన్నీ, దాని బోల్టులతో సహా కవర్లో వేసి పేరు రాసి అట్టపెట్టెలో పెట్టండి. బండి అమ్మే రోజున ఆ పెట్టె విలువ తెలుస్తుంది.

కావలసినవి

- మీ మోడల్, మీ సంవత్సరం సర్వీస్ మాన్యువల్. ఏ బోల్టుకు ఎంత టార్కో (ఎంత బలంతో బిగించాలో) అందులోనే చూడాలి, యూట్యూబులో కాదు.
- రెండు టార్క్ రెంచులు: చిన్న బోల్టులకు 5–25 ఎన్ఎం (న్యూటన్ మీటర్ల) రకం, యాక్సిల్ నట్టుకు పెద్దది. ఒక్క పెద్దదానితో అన్నీ బిగిస్తే చిన్న మరలు పోతాయి.
- ముందు, వెనక ప్యాడాక్ స్టాండ్లు (చక్రాన్ని గాల్లో నిలిపేవి).
- 0.8 మిమీ స్టెయిన్‌లెస్ లాక్‌వైర్ (బోల్టులు వదులై ఊడకుండా కట్టే తీగ), వైరు మెలిపెట్టే ప్లయరు, 1.5 మిమీ కోబాల్ట్ డ్రిల్ బిట్లు. బిట్లు నాలుగైదు తెచ్చుకోండి, విరుగుతాయి.
- నమ్మకమైన టైరు గేజి. పెట్రోల్ బంకు గేజి లెక్కలోకి రాదు.
- టేపు, జిప్ టైలు, పెయింట్ మార్కరు, నీలం రంగు థ్రెడ్‌లాకరు (మరలు వదులవకుండా పూసే జిగురు).
- ఒక నోటుబుక్కు. దీన్ని వద్దనుకునేవాళ్లు మిగతా డబ్బు కూడా ఖర్చు పెట్టకపోవడం మంచిది.

1. బండి బాగుందో లేదో చూడండి

ముందు చక్రం గాల్లో ఉండేలా స్టాండెక్కించి హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా తిప్పండి. నడిమధ్యలో "టక్" అని ఆగినట్టనిపిస్తే స్టీరింగ్ బేరింగులు అరిగిపోయాయి. వెనక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే వీల్ బేరింగో స్వింగార్మ్ బేరింగో తేల్చుకోండి. ఫోర్క్ సీళ్ల దగ్గర నూనె చారలు ఉన్నాయా చూడండి.

సెకండ్ హ్యాండ్ బండి అయితే ఫ్రేము మీదున్న స్టీరింగ్ స్టాపరును టార్చ్ వేసి చూడండి. అక్కడ పెయింటు చిట్లినా, స్టాపరు నొక్కుకుపోయినా ఆ బండి ఒకసారి గట్టిగానే పడింది. ఫెయిరింగ్ (బండి చుట్టూ ఉండే తొడుగు) కొత్తది వేసి అమ్మొచ్చు కానీ ఆ స్టాపరును ఎవరూ కొత్తది చేయరు. అలాంటప్పుడు ఫోర్కు గొట్టాలు, ఫ్రేము వంపు చూపించకుండా ముందుకు వెళ్లకండి.

2. విప్పాల్సినవి విప్పండి

అద్దాలు, హెడ్‌లైటు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు బ్రాకెట్టు, వెనక సీటు ఫుట్‌రెస్టులు, సైడ్ స్టాండు. వానలో నడిపే వీలుంటే వెనక ఎర్ర లైటు ఉంచుకోండి.

ఇక్కడ రెండు చోట్ల చాలామంది ఇరుక్కుంటారు. సైడ్ స్టాండు తీసేస్తే దాని స్విచ్చును కూడా చూసుకోవాలి, లేకపోతే గేరు వేయగానే ఇంజిన్ ఆగిపోతుంది. ఇక బండి పడినప్పుడు ఇంజిన్‌ను ఆపే సెన్సరు ఒకటి ఉంది. రేసు టెయిల్ బిగించేటప్పుడు దాన్ని జిప్ టైతో ఎక్కడో పక్కకు తిప్పి కట్టేస్తారు. బండి పడిపోయి ఉందని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు) అనుకుంటుంది, సెల్ఫ్ తిరిగినా స్టార్ట్ కాదు. విప్పే ముందే పై వైపు ఏదో మార్కరుతో గీత పెట్టి, మళ్లీ అలాగే బిగించండి.

3. లాక్‌వైరు

స్క్రూటినీలో (ట్రాక్ ఎక్కే ముందు చేసే తనిఖీలో) బండిని వెనక్కి పంపేది ఎక్కువగా దీని దగ్గరే. ఒక బండి ఆయిల్ ట్రాక్ మీద పడితే వెనకొచ్చే వాళ్లందరూ జారతారు. అందుకే డ్రెయిన్ బోల్టు, ఆయిల్ ఫిల్టరు, ఆయిల్ పోసే మూత, ఈ మూడూ రేసుల్లో సాధారణంగా తప్పనిసరి. బ్రేక్ క్యాలిపర్ బోల్టులు కూడా కట్టుకోవడం మంచిది.

డ్రెయిన్ బోల్టు తలను బెంచ్ వైస్‌లో గట్టిగా పట్టించి, షడ్భుజి మూలలో ఒక ముఖం నుంచి పక్క ముఖానికి రంధ్రం వేయండి. ముందు సెంటర్ పంచ్‌తో గుంట కొట్టాలి. డ్రిల్ స్పీడు తక్కువ, కటింగ్ ఆయిల్ ఎక్కువ. చేత్తో పట్టుకునే డ్రిల్లుతో తంటాలు పడేకంటే ఆటోనగర్‌లో ఏ లేత్ షాపులో ఇచ్చినా పది నిమిషాల్లో వేసిస్తారు.

బోల్టును మాన్యువల్ టార్కుకు బిగించాకే వైరు కట్టాలి. వైరు లాగే దిశ బోల్టును బిగించే వైపు ఉండాలి. వైరును రంధ్రంలోంచి తీసి, రెండు పోగులనూ సెంటీమీటరుకు మూడు నాలుగు మెలికలు పడేలా తిప్పుతూ పక్కనున్న కదలని స్థానానికి కట్టండి. చివరను లోపలికి మడిచేయండి, లేకపోతే తర్వాతి సర్వీసులో మీ వేలే చీరుకుంటుంది. ఫిల్టరుకు రంధ్రం వేయలేం కాబట్టి దాని చుట్టూ హోస్ క్లాంపు బిగించి, ఆ క్లాంపు స్క్రూకు వైరు కట్టాలి.

సరిగ్గా ఉందో లేదో చూడాలంటే బోల్టు విప్పే దిశలో వైరును వేలితో నెట్టండి. బిగుసుకుంటే సరే. వదులైతే దిశ తప్పింది, కోసేసి మళ్లీ కట్టండి. అతిగా మెలిపెట్టిన వైరు పెళుసుబారి దానంతట అదే తెగుతుంది.

ఇదే పూట కూలెంటు కూడా తీసేయండి. గ్లైకాల్ ఉన్న కూలెంటు తారు మీద పడితే నీళ్లలా ఆరదు, జారుడుగా ఉండిపోతుంది. డిస్టిల్డ్ వాటరు, నిర్వాహకులు ఒప్పుకుంటే తుప్పు పట్టకుండా కలిపే మందు, అంతే.

4. బ్రేకులు

300 మిమీ డిస్కులు, స్టాక్ (కంపెనీ నుంచి వచ్చిన) క్యాలిపర్లు ట్రాక్ డేకు చాలు. మార్చాల్సినవి మూడు: ప్యాడ్లు, పైపులు, ఆయిల్.

ప్యాడ్లు ట్రాక్ వాడకానికి చేసిన సింటర్డ్ (లోహపు పొడిని అదిమి చేసిన) రకం తీసుకోండి. పూర్తిగా రేసు ప్యాడ్లు వద్దు, అవి వేడెక్కేదాకా పట్టవు. రబ్బరు పైపుల బదులు స్టీల్ అల్లిక పైపులు వేస్తే లివరు ప్రతి ల్యాపులోనూ ఒకేలా ఉంటుంది. బ్రేక్ ఆయిల్ కొత్త డాట్ 4, మూత తీసి నెలలైన సీసా కాదు. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. గాల్లో తేమ పీల్చుకున్నాక అది 155కి దిగుతుంది. కోస్తాలో ఉన్నవాళ్లు సంవత్సరానికొకసారి కాదు, ప్రతి రెండు మూడు ట్రాక్ రోజులకు మార్చండి.

జాగ్రత్త: "డాట్ 5" అని రాసి ఉన్నది పోయకండి, అది సిలికోన్. డాట్ 5.1 వేరు, అది పనికొస్తుంది. ఈ పేర్ల గందరగోళం పెట్టినవాళ్లకు ఒక దండం.

బ్లీడ్ చేశాక (పైపుల్లోని గాలి తీసేశాక) లివరును రబ్బరు బ్యాండుతో నొక్కి కట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున విప్పి నొక్కితే గట్టిగా తగలాలి. ఇంకా స్పాంజిలా ఉంటే గాలి మిగిలింది. కొత్త ప్యాడ్లను ట్రాక్ మీద మొదటి ల్యాపుల్లో గంటకు 60 నుంచి 20 దాకా, బండి పూర్తిగా ఆపకుండా ఓ పది సార్లు తగ్గించి అలవాటు చేయండి. చైన్ స్ప్రే కొట్టేటప్పుడు వెనక డిస్కు మీద గుడ్డ కప్పడం మరవకండి.

5. టైర్లు

ముందు 120/70, వెనక 160/60. అదే సైజు ఉంచండి. "వెనక 180 వేయిస్తే లుక్ బాగుంటుంది కదా" అనేవాళ్లకు ఒకటే చెప్తాను: దీని రిమ్ము 180కి ఇరుకు. ఇరుకు రిమ్ములో వెడల్పు టైరు అంచులు లోపలికి నొక్కుకుపోయి, నడుమ కోసుగా లేస్తుంది. బండి వంగినప్పుడు నేలను తాకే రబ్బరు పెరగదు, మలుపు తిప్పడం మాత్రం బరువవుతుంది.

మొదటి సీజనుకు ట్రాక్‌కు పనికొచ్చే స్పోర్ట్ రోడ్ టైర్లు చాలు. చెన్నై ఎండలో వాటికి వార్మర్లు (టైర్లను వేడిచేసే దుప్పట్లు) అక్కర్లేదు, పొద్దున్నే మొదటి సెషనులో రెండు ల్యాపులు నెమ్మదిగా తిప్పితే వేడెక్కుతాయి. స్లిక్కులకు (గాట్లు లేని రేసు టైర్లకు) వెళ్తే వార్మర్లు, వాటికి జనరేటరు, ఇంకో మనిషి కావాలి. ఆ ఖర్చుతో ఇంకో రెండు ట్రాక్ రోజులు తిరగొచ్చు.

గాలి ఎంతన్నది ఆ టైరు కంపెనీ ట్రాక్ చార్టు చూసి పెట్టండి. చార్టులో ఇచ్చింది చల్లగా ఉన్నప్పటిదా, వేడిగా ఉన్నప్పటిదా అన్నది గమనించండి. వేడి కొలత అయితే పిట్‌లోకి రాగానే, హెల్మెట్ తీయకముందే కొలవాలి. ఐదు నిమిషాలు కబుర్లు చెప్పాక తీసిన అంకెకు విలువ లేదు.

6. సస్పెన్షన్: శాగ్

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. 41 మిమీ ఫోర్కుల్లో సర్దుబాట్లేమీ లేవు, వెనక షాకుకు ప్రీలోడ్ (స్ప్రింగును ముందే ఎంత నొక్కి ఉంచాలన్న సర్దుబాటు) ఒక్కటే ఉంది. అయినా కొలవకుండా ఏ భాగమూ కొనకండి.

శాగ్ అంటే మీరు కూర్చున్నాక బండి ఎంత దిగిందో అది. ఇద్దరు స్నేహితులు, ఒక టేపు చాలు.

- వెనక చక్రం గాల్లో ఉండగా యాక్సిల్ నుంచి టెయిల్ మీద ఒక గుర్తు దాకా కొలవండి. ఉదాహరణకు 590 మిమీ.
- సూటు, బూట్లు, హెల్మెట్ అన్నీ వేసుకుని రైడింగ్ పొజిషనులో కూర్చోండి. ఒకరు బండిని నిలబెట్టాలి. టెయిల్‌ను కిందికి నొక్కి మెల్లగా వదిలాక కొలిస్తే 558.
- టెయిల్‌ను కాస్త పైకెత్తి మెల్లగా వదిలాక కొలిస్తే 564.
- రెండింటి సగటు 561. 590 లోంచి తీసేస్తే 29. ఇదే మీ శాగ్.

రెండుసార్లు కొలిచేది సీళ్ల రాపిడి వల్ల. ఒక్కసారి కొలిస్తే ఎప్పుడూ తప్పే వస్తుంది. ట్రాక్‌కు వెనక 25–30, ముందు 30–35 మిమీ మంచి మొదలు. వెనక మనిషి లేకుండా బండి దాని బరువుకే 5–10 మిమీ దిగాలి. మీరు కూర్చుంటే 30 వచ్చి, ఉత్త బండి అసలు దిగకపోతే స్ప్రింగు మీకు మెత్తన. ప్రీలోడ్‌తో దాన్ని మోసం చేశారంతే, స్ప్రింగే మార్చాలి.

ముందు వైపు డబ్బు తక్కువైతే మీ బరువుకు తగ్గ లీనియర్ (మొదటి నుంచి చివరిదాకా ఒకే గట్టిదనం ఉన్న) స్ప్రింగులు, కొత్త ఫోర్క్ ఆయిల్, శాగ్ సరిచేయడానికి సరిపడా పొడవు కోసిన స్పేసర్లు చాలు. ఇంకాస్త ఉంటే కార్ట్రిడ్జ్ కిట్టు (ఫోర్కు లోపలి భాగాలన్నీ మార్చే సెట్టు). 600 సీసీ స్పోర్ట్ బండి ముందు భాగం మొత్తం తెచ్చి పెట్టడం కూడా ఉంది కానీ ట్రిపుల్ క్లాంపు (రెండు ఫోర్కులనూ పట్టి ఉంచేది), చక్రం, ఏబీఎస్ సెన్సరు, ఒక్కో చోట ఒక్కో చిక్కు. మొదటిసారి చేసేవాళ్లకు నేను వద్దంటాను.

ఫోర్కు గొట్టానికి ఒక జిప్ టై వదులుగా కట్టండి. సెషను అయ్యాక అది ఎక్కడుందో చూస్తే ఫోర్కు దిగగలిగినంత దూరమూ వాడారో లేదో తెలుస్తుంది. ప్రతిసారీ అట్టడుగుకు చేరితే స్ప్రింగు మెత్తన లేదా ఆయిల్ తక్కువ. సగంలోనే ఆగితే గట్టిదనం ఎక్కువ, లేదా మీరింకా గట్టిగా బ్రేకు వేయడం లేదు. రెండోదే నిజమయ్యే అవకాశం ఎక్కువ.

7. కూర్చునే తీరు

రేర్‌సెట్లు (ట్రాక్ కోసం చేసిన ఫుట్‌పెగ్గుల సెట్టు) వేస్తే పెగ్గులు పైకి, వెనక్కి వెళ్తాయి, నేలకు తగలవు. కొనేముందు విడిభాగాలు మన దేశంలో దొరుకుతాయా అడగండి. పడగానే విరిగేది గేర్ లివరు మొన. రివర్స్ షిఫ్ట్ (గేర్లు తలకిందుల వరుసలో పడేలా మార్చడం) మీ ఇష్టం. అదే రోజు ఇంటికి రోడ్డు బండి మీద వెళ్లేవాళ్లు మాత్రం జాగ్రత్త, పైకి తన్నాల్సింది కిందికి తన్నితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

హ్యాండిల్ కిందికి దించితే పూర్తిగా తిప్పి చూడండి. చివరిదాకా తిప్పినా ట్యాంకుకూ వేళ్లకూ మధ్య 30 మిమీ ఉండాలి. థ్రాటిల్ తెరిచి వదిలితే ఏ కోణంలోనైనా దానంతట అదే మూసుకోవాలి. ముందు బ్రేక్ లివరుకు గార్డు వేయండి. పక్క బండి హ్యాండిల్ మీ లివరును తాకితే మీరు గాల్లోకి లేస్తారు. అది రేసు నియమాల్లో ఊరికే చేరలేదు.

8. ఫెయిరింగ్

ఫైబర్ రేసు ఫెయిరింగ్ వేసుకోండి, స్టాక్ ప్లాస్టిక్ దాచండి. కింది భాగం మాత్రం అందానికి కాదు, ఇంజిన్ పగిలితే ఆయిల్ పట్టుకోవడానికి. ఎఫ్ఐఎం (అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య) నియమాల ప్రకారం ఆయిల్, కూలెంటు మొత్తంలో కనీసం సగం అందులో నిలవాలి. నీళ్లు పోసి చూడండి, అతుకుల్లోంచి కారితే సీలంటు పట్టించండి. ఈ బండిలో స్టాక్ సైలెన్సరు ఇంజిన్ కిందే ఉంటుంది. కాబట్టి ఆ ఫెయిరింగ్ ఏ ఎగ్జాస్ట్‌కు సరిపోయేలా చేశారో అడక్కుండా డబ్బు కట్టకండి.

9. గేరింగ్

స్టాక్‌లో ముందు స్ప్రాకెట్‌కు (చైన్ తిరిగే పళ్ల చక్రానికి) 15 పళ్లు, వెనకదానికి 46. నిష్పత్తి 3.067. వెనక 48 వేస్తే 3.2, ముందు 14 వేస్తే 3.286. ముందు ఒక పన్ను తగ్గించడం వెనక మూడు పళ్లకు పైగా పెంచినట్టే, కాబట్టి ముందుది తాకేముందు ఆలోచించండి.

కోయంబత్తూరు కరి స్పీడ్‌వే 2.1 కిలోమీటర్లే, పొట్టి గేరింగు (పెద్ద నిష్పత్తి) నప్పుతుంది. శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్ 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. అక్కడ వెనక 47తో మొదలుపెట్టి చూడండి. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో కిలోమీటరు దాటిన స్ట్రెయిట్ ఉంది, అక్కడ స్టాక్‌ను కదపకండి. పొడవైన స్ట్రెయిట్‌లో బ్రేకు వేసేచోటుకు ముందే లిమిటరు (ఇంజిన్ వేగానికి ఉన్న హద్దు) తగిలితే వెనక ఒక పన్ను తీసేయండి.

స్ప్రాకెట్ మార్చాక చైన్ వదులు మళ్లీ చూడాలి. సస్పెన్షన్ దిగేకొద్దీ చైన్ బిగుస్తుంది. బిగుతు చైన్ షాకును పని చేయనివ్వదు, ఆ తప్పును అందరూ షాకు మీదకు నెడతారు.

10. ఇంజిన్, ఇప్పుడు

ఫుల్ సిస్టం (ఎగ్జాస్ట్ మొత్తం), ఎయిర్ ఫిల్టరు, ఈసీయూ మ్యాపు (ఎంత పెట్రోలు పంపాలో చెప్పే పట్టిక), ఈ మూడూ కలిపి చేయండి. ఎగ్జాస్ట్ ఒక్కటి మార్చి మ్యాపు వదిలేస్తే గాలి ఎక్కువై పెట్రోలు చాలక బండి కుదుపులు పెడుతుంది, వేడెక్కుతుంది. ఏదీ మార్చకముందే డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) మీద ఒకసారి తిప్పి కాగితం తీసుకోండి, మార్చాక అదే డైనో మీద మళ్లీ తిప్పండి. ఒక డైనో అంకెను ఇంకో డైనో అంకెతో పోల్చి గొడవపడటం వృథా. పైనున్న గరిష్ఠ అంకెను కాదు, 5,000 నుంచి 9,000 ఆర్‌పీఎం మధ్య గీత నున్నగా ఉందా చూడండి. మలుపు మధ్యలో థ్రాటిల్ తెరిచేది ఆ భాగంలోనే.

పిస్టన్లు, క్యామ్‌ల దాకా ఇప్పుడే వద్దు. మీ ల్యాపులు సెషను మొత్తం దాదాపు ఒకే సమయానికి వస్తున్నప్పుడు దాని గురించి మాట్లాడుకుందాం.

11. మొదటి ట్రాక్ రోజు

టాటా ఏస్‌లో ఎక్కించేటప్పుడు పట్టీలను కింది ట్రిపుల్ క్లాంపుకు కట్టండి, హ్యాండిల్‌కు కాదు. ఫోర్కును పూర్తిగా అణచి కట్టేస్తే రాత్రంతా సీళ్ల మీద ఒత్తిడి. విజయవాడ నుంచి బయల్దేరితే ఒంగోలు దగ్గర ఒకసారి ఆగి పట్టీలు చూసుకోండి, అవి వదులవుతాయి.

ముఖ్యమైన బోల్టులన్నిటి మీద పెయింట్ మార్కరుతో గీత పెట్టి ఉంచండి. మొదటి సెషనులో మూడే ల్యాపులు తిరిగి లోపలికి రండి. గీతలు కదిలాయా, ఆయిల్ చెమ్మ ఎక్కడైనా ఉందా, చైన్ వదులు మారిందా, లివరు ముందులాగే ఉందా చూడండి. లివరు హ్యాండిల్ దాకా వస్తుంటే ఆ రోజుకు నడపడం ఆపేసి ఆయిల్ మార్చండి.

తర్వాత ఒక సెషనుకు ఒకే మార్పు. ప్రీలోడు తిప్పి, గాలి తగ్గించి, స్ప్రాకెట్ మార్చి ఒకేసారి వెళ్తే ఏది మేలు చేసిందో తెలియదు. నోటుబుక్కులో రాయాల్సినవి: గంట, ఎండ, ముందు వెనక గాలి (చల్లగా, వేడిగా), మార్పు ఏమిటి, ల్యాపు సమయం, జిప్ టై ఎక్కడుంది, మీకేమనిపించింది. చివరిది సెషను అయిన వెంటనే రాయండి. సాయంత్రం రాస్తే అన్నీ బాగున్నట్టే గుర్తుంటాయి.

ఇంటికొచ్చాక బండి నెలల తరబడి కదలదనుకుంటే రేడియేటరులోని ఉత్త నీళ్లు తీసేసి కూలెంటు పోయండి, లోపల అల్యూమినియం పాడవకుండా. మళ్లీ ట్రాక్‌కు వెళ్లే ముందు రోజు అది తీసి కడిగి నీళ్లు పోయాలి. ఏ రోజు ఏది పోశారో రేడియేటర్ మూత మీద ఒక టేపు ముక్క అంటించి రాసి పెట్టండి.